ఊపిరి ముందు, ఎముక వెనుక

ఈ శీర్షికకు పరుగు గురించి వచ్చే ఉత్తరాలు ఈ మధ్య బాగా పెరిగాయి. ఎలా మొదలుపెట్టాలని అడిగేవాళ్ళు తక్కువ. మొదలుపెట్టి, ఏదో ఒక దెబ్బ తగిలి ఆగిపోయినవాళ్ళే ఎక్కువ. అందుకని ఈ సంచికలో పేజీ మొత్తం వాళ్ళకే ఇస్తున్నాను. నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు గుంటూరులో తెల్లవారుజామున పెద్దవాళ్ళకు, ముఖ్యంగా ఆడవాళ్ళకు, పరుగు నేర్పుతున్నాను. డాక్టరును కాను కాబట్టి, డాక్టరుకు చూపించాల్సిన చోట ఆ మాటే చెబుతాను.

టీచర్ గారూ, నాకు 38 ఏళ్ళు. పిల్లలు బడికి తయారయ్యేలోపు దొరికే సమయంలో మా వీధి చివర ఉన్న హైస్కూలు గ్రౌండులో పరుగు మొదలుపెట్టాను. ఒక్క రౌండు కూడా పూర్తి చేయలేకపోతున్నాను. గుండె దడ, ఆయాసం, డొక్కలో పోటు. పక్కన క్రికెట్ ఆడే కుర్రాళ్ళు చూస్తుంటే సిగ్గుగా ఉంటోంది. నా ఒంటికి పరుగు సరిపడదేమో. మానేయమంటారా?
— ఒక గృహిణి, తెనాలి

మానేయవద్దమ్మా. వేగం తగ్గించండి చాలు. పరుగు అనగానే మనకు బడిలో ఆగస్టు 15కి పెట్టిన వంద మీటర్ల పందెమే గుర్తొస్తుంది. ఈల మోగగానే ప్రాణం పెట్టి ఉరికినవాళ్ళం కదా, ఇరవై ఏళ్ళ తర్వాత గ్రౌండులో అడుగుపెట్టినా కాళ్ళకు ఆ ఒక్క వేగమే తెలుసు. నా దగ్గరకు కొత్తగా వచ్చేవాళ్ళందరూ మొదటి రోజు అలాగే ఉరుకుతారు, సగం రౌండులో నడుము పట్టుకుని నిలబడతారు.

పరుగెత్తుతూ ఏడో ఎక్కం పైకి చెప్పండి. ఒక్కో వరుసా ఊపిరి తెగకుండా వస్తే మీ వేగం సరైనది. ‘ఏడు మూళ్ళు’ దగ్గరే రొప్పు వస్తే ఇంకా తగ్గించాలి. ఎంత తగ్గించాలంటే, పక్కన చురుగ్గా నడిచేవాళ్ళు మిమ్మల్ని దాటిపోయినా సరే. అడుగు చిన్నగా పడాలి, పాదం మీ ఒంటి కిందనే పడాలి, బాగా ముందుకు చాపకూడదు.

ముందు ఐదు నిమిషాలు చురుగ్గా నడవండి. తర్వాత 60 సెకన్లు నెమ్మదిగా పరుగు, 90 సెకన్లు నడక. ఇలా మార్చి మార్చి ఇరవై నిమిషాలు. వారానికి మూడు రోజులే, మధ్యలో ఒక్కో రోజు విడుపు. ఇది నా సొంత పద్ధతి కాదు. 1996లో జాష్ క్లార్క్ అనే అమెరికన్ యువకుడు తన తల్లి కోసం తయారుచేసిన తొమ్మిది వారాల పాఠంలో మొదటి వారం ఇది. ‘కౌచ్ టు ఫైవ్ కె’, అంటే సోఫా నుంచి ఐదు కిలోమీటర్ల దాకా, అన్న పేరుతో ప్రపంచమంతా పాకింది. చివరికి ఆగకుండా అరగంట పరుగెత్తిస్తుంది. తొమ్మిది వారాలన్నది కాగితం మీది లెక్క. మా గ్రౌండులో చాలామందికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఒక వారం పాఠం కష్టమైతే మరుసటి వారం కూడా అదే చేయిస్తాను. తిరిగి చేసినవాళ్ళెవరూ దానివల్ల నష్టపోయింది లేదు.

డొక్కలో పోటు వస్తే నడకలోకి దిగి, నొప్పి ఉన్నచోట వేళ్ళతో నొక్కి పట్టి, గాలి మొత్తం బయటికి వదలండి. ఇడ్లీలు తిన్న వెంటనే పరుగెత్తితే అది ఖాయంగా వస్తుంది. కడుపు నిండా తింటే రెండు గంటల ఎడం ఉండాలి.

ఇంకొకటి, దీన్ని పక్కన పెట్టకండి. గుండె దడ అన్నారు. ముందు రక్తపరీక్ష చేయించుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలంగాణలో 57.6 శాతం. అంటే సగానికి మించి! రక్తంలో హిమోగ్లోబిన్ తక్కువైతే కండరాలకు ప్రాణవాయువు చాలదు, మెట్లెక్కినా దడ వస్తుంది. ఎందరో ఆడవాళ్ళు దాన్ని తమ చేతకానితనం అనుకుని ఇంటికి వెళ్ళిపోవడం చూసి నాకు కడుపు తరుక్కుపోతుంది. పరీక్షలో తక్కువని తేలితే డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు వాడండి. మాత్ర వేసుకునే వేళకు కాఫీ, టీ దగ్గరకు రానివ్వకండి, అవి ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు.

కుర్రాళ్ళు కొన్నాళ్ళు చూస్తారమ్మా. తర్వాత బంతి మీ వైపు దొర్లితే ‘ఆంటీ, బంతి!’ అని కేకేస్తారు. ఆ రోజుకు మీరు గ్రౌండులో ఒక మనిషైపోయినట్టే.

మేడమ్, వయసు 26, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడో వారానికే ఐదు కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తాను. ఉత్సాహంగా రోజూ పరుగెత్తుతూ ఆరో వారానికి పది చేరాను. ఇప్పుడు మోకాలి కింద ముందువైపు ఎముక వెంట నొప్పి. మాత్ర వేసుకుంటే తగ్గుతుంది, పరుగెత్తితే మళ్ళీ వస్తుంది. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో పది కిలోమీటర్లకు పేరిచ్చాను. బూట్లు మారిస్తే సరిపోతుందా? నాకు ఊపిరి అసలు ఇబ్బందే లేదు.
— ఒక యువకుడు, మియాపూర్

నాయనా, నీ చిక్కు నీ ఉత్తరంలోని చివరి వాక్యంలోనే ఉంది. నీ ఊపిరికి ఇబ్బంది లేదు, అది ముందే సిద్ధమైపోయింది. ఒంట్లో అన్నీ ఒకే వేగంతో తయారు కావు. పరుగు మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లోనే రక్తం పరిమాణం పెరగడం మొదలవుతుంది, గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోస్తుంది. కండరానికి ఇంకొంచెం సమయం కావాలి. కండరాన్ని ఎముకకు కట్టిపడేసే స్నాయువుకు, ఎముకకు నెలలు పడతాయి. ఊపిరి ‘పద’ అంటుంది, ఎముక ‘ఆగు’ అంటుంది. కొత్తవాళ్ళకు తగిలే దెబ్బల్లో చాలావరకు ఈ ఎడంలోనే పుడతాయి.

ఎముక సంగతి వివరంగా చెబుతాను. కొత్త బరువు పడుతోందని తెలియగానే ఎముక ముందు తనలోని పాత భాగాన్ని కొంత తొలిచి తీసేస్తుంది. ఆ ఖాళీలో కొత్త ఎముకను నింపుతుంది. తొలచడం కొద్ది వారాల పని. నింపి గట్టిపడటానికి మూడు నెలలో ఇంకా పైనో కావాలి. కాబట్టి మొదటి రెండు నెలల్లో ఎముక మునుపటికన్నా కాస్త బలహీనంగా ఉండే కాలం ఒకటి వస్తుంది. శ్లాబు పోసిన వారానికే సెంట్రింగ్ విప్పి పైన ఇంకో అంతస్తు లేపితే ఏమవుతుందో, ఆ కాలంలో రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తితే అదే అవుతుంది. ఇది కొత్తగా కనిపెట్టిన విషయమూ కాదు. 1855లోనే బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు దీర్ఘ కవాతులతో సైనికుల పాదాలు వాచి నొప్పి పెట్టడం గురించి రాశాడు. ఎక్స్‌రే వచ్చాక తెలిసింది, అవి ఎముకలో సన్నని పగుళ్ళని.

ఇప్పుడు ఒక పని చెయ్యి. కుర్చీలో కూర్చుని నొప్పి ఉన్న కాలు రెండో మోకాలి మీద వేసుకో. చీలమండ లోపలి గుబ్బ నుంచి పైకి, ఆ ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో నొక్కుతూ వెళ్ళు. జానెడు మేర అంతటా సలుపుగా ఉంటే అది బహుశా షిన్ స్ప్లింట్స్, అంటే ఎముక అంచున కండరం అంటుకున్న చోట వచ్చిన ఒరిపిడి. రూపాయి బిళ్ళంత చోట మాత్రమే, వేలు పడగానే ఉలిక్కిపడేంత నొప్పి ఉంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే, ఆ కాలి మీద ఒక్కసారి గెంతినా భరించలేకపోతే, పరుగు ఆ క్షణమే ఆపి ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్ళు. పగులు అయి ఉండవచ్చు. మొదటి వారాల్లో మామూలు ఎక్స్‌రేలో అది చాలాసార్లు కనబడదు, ఎంఆర్ఐ కావాలో వద్దో డాక్టరు చెబుతారు. విటమిన్ డి కూడా చూపించుకో. తెల్లవారకముందే ఆఫీసు క్యాబ్ ఎక్కి చీకటిపడ్డాక దిగే ఉద్యోగాల్లో ఒంటికి ఎండ ఎక్కడ తగులుతుంది?

నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తవద్దు. ఇది గట్టిగానే చెబుతున్నాను. ఆ నొప్పి నీ ఎముక నీకు చెప్పుకునే ఒక్కగానొక్క మాట. మాత్ర దాని నోరు నొక్కుతుంది. పైగా చెమట కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు మూత్రపిండాలకు ముప్పు.

పగులు కాదని తేలితే, మామూలు నడకలో నొప్పి పూర్తిగా పోయేదాకా పరుగు మానేసి సైకిలు తొక్కు, ఈత వస్తే ఈదు. సంపాదించిన ఊపిరి పోదు. గడప అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం రోజూ చెయ్యి, పిక్కలు గట్టిపడితే ఎముక మీద పడే బరువును అవి పంచుకుంటాయి. చురుగ్గా అరగంట నడిచి, ఒంటికాలి మీద పదిసార్లు గెంతినా నొప్పి రాకపోతే అప్పుడు నిమిషం పరుగు, నిమిషం నడకతో మొదలుపెట్టు. వారానికి మూడు రోజులు, ప్రతి నాలుగో వారం దూరం తగ్గించుకోవాలి. బూట్లు అరిగిపోయి ఉంటే మార్చు. కొత్తవి సాయంత్రం కొనుక్కో, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కానీ ఏ బూటూ ఎముకను మూడు నెలల ముందుకు జరపలేదు.

ఆగస్టు పందెమా? ఆ ఎగుడుదిగుడు రోడ్ల మీద, ఆ ఉక్కలో, మానీ మానని కాలితో వెళ్ళవద్దు. వచ్చే ఏడూ ఆగస్టు వస్తుంది.

అమ్మా, మా పాపకు ఐదు నెలలు, మామూలు కాన్పే. పెళ్ళికి ముందు విశాఖ బీచ్ రోడ్డులో బాగా పరుగెత్తేదాన్ని. మళ్ళీ మొదలుపెడితే నాలుగడుగులకే మూత్రం చుక్కలు పడుతున్నాయి. మా అమ్మ ‘కాన్పయ్యాక అందరికీ అంతే, సర్దుకుపో’ అంటోంది. ఇది ఎవరిని అడగాలో తెలియక రాస్తున్నాను.
— ఒక తల్లి, విశాఖపట్నం

రాసి మంచి పని చేశావు తల్లీ. చాలామందికి అవుతుందన్నది నిజం, సర్దుకుపోవాలన్నది మాత్రం నిజం కాదు. నా దగ్గరకు వచ్చే తల్లులు ఈ మాట గ్రౌండులో అందరి ముందూ అనలేరు, చెప్పుల దగ్గర ఆగి, మెల్లగా చెవిలో చెబుతారు. దీనివల్ల పరుగు మానేసి ఎప్పటికీ తిరిగిరాని ఆడవాళ్ళున్నారు. అందుకే ఇక్కడ దాచకుండా రాస్తున్నాను.

మూత్రాశయాన్ని, గర్భసంచిని కింది నుంచి ఊయల గుడ్డలా మోసే కండరాలు ఉంటాయి. తొమ్మిది నెలల బరువుతో, కాన్పుతో అవి సాగిపోతాయి. పరుగులో ప్రతి అడుగూ వాటి మీద దెబ్బ. బ్రిటన్‌లో ఫిజియోథెరపిస్టులు 2019లో తల్లుల కోసం రాసిన మార్గదర్శకాల్లో, కాన్పు తర్వాత పరుగు తొందరగా అంటే మూడు నుంచి ఆరు నెలల మధ్య, అదీ ఇలాంటి ఇబ్బందులు లేకపోతేనే అన్నారు. నెలలు నిండటం ఒక్కటే చాలదు.

ప్రస్తుతానికి పరుగు ఆపి నడువు. మూత్రాన్ని, గాలిని ఒకేసారి ఆపుకున్నట్టు ఆ కండరాలను లోపలికి, పైకి బిగించు. ఊపిరి బిగబట్టకుండా, పొట్ట, పిరుదులు బిగుసుకోకుండా. మొదట్లో నాలుగైదు సెకన్లు నిలిపినా చాలు, మెల్లగా పది సెకన్లకు తీసుకెళ్ళు. ఒక విడతకు పదిసార్లు, రోజుకు మూడు విడతలు. పాపకు పాలిచ్చే వేళల్లో చేస్తే మరిచిపోవు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం మాత్రం అలవాటు చేసుకోకు, అది మంచిది కాదు. ఫలితం తెలియడానికి మూడు నెలలు పట్టవచ్చు. ఈలోగా గైనకాలజిస్టుకు చూపించుకో. కింద ఏదో జారుతున్నట్టు, బరువుగా అనిపిస్తే అస్సలు ఆలస్యం చేయకు. తల్లుల సమస్యలు చూసే ఫిజియోథెరపిస్టులు విశాఖ లాంటి నగరంలో దొరుకుతారు, డాక్టరునే అడుగు.

అరగంట నడక, ఉన్నచోటనే నిమిషం పరుగు, ఒక్కో కాలి మీద పది గెంతులు. వీటిలో చుక్క పడకపోతే, బరువు అనిపించకపోతే బీచ్ రోడ్డుకు రా. ఇసుకలో వద్దు, రోడ్డు మీదే, నడుస్తూ పరుగెత్తుతూ. వచ్చే ముందు పాపకు పాలిచ్చి రా, నీకూ హాయిగా ఉంటుంది.

నాకు 52 ఏళ్ళు. పరుగు మొదలుపెట్టానని తెలిసి మా ఆఫీసులో అందరూ మోకాళ్ళు అరిగిపోతాయని భయపెడుతున్నారు. నిజమేనా?
— ఒక బ్యాంకు ఉద్యోగి, ఖమ్మం

కాదండీ. తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల మీద అంతకుముందు జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి 2017లో ఒక అమెరికా వైద్యపత్రికలో ప్రచురించారు. సరదాకి, ఆరోగ్యానికి పరుగెత్తేవాళ్ళలో అరుగుదల 3.5 శాతం మందికి, పరుగెత్తకుండా కూర్చునేవాళ్ళలో 10.2 శాతం మందికి, పోటీల కోసం పరుగెత్తేవాళ్ళలో 13.3 శాతం మందికి కనబడింది. మీ ఆఫీసులో భయపెట్టేవాళ్ళు రెండో వరుసలో ఉన్నారని వాళ్ళకు మెల్లగా చెప్పండి. మోకాలు ఇప్పటికే వాచి ఉన్నా, పాత గాయం ఉన్నా లెక్క వేరు, ముందు డాక్టరు చూడాలి. ఈ వయసులో బీపీ, షుగరు, ఈసీజీ కూడా చూపించుకునే మొదలుపెట్టండి. ఛాతీలో బిగువు, ఎడమ చేయి లాగడం, కళ్ళు తిరగడం వస్తే పరుగు ఆపి ఆసుపత్రికే. మీ ఊరి ఎండలకు సూర్యోదయానికి ముందే ముగించాలి. వేడికి ఒళ్ళు అలవాటు పడటానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ రోజుల్లో దూరం పెంచవద్దు.

టీచర్ గారూ, కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాను. 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. దగ్గరకు వచ్చాను అనుకునేసరికి డెంగీ వచ్చి ఆసుపత్రిలో పడ్డాను. ఇప్పుడు ఒక రౌండుకే కాళ్ళు వణుకుతున్నాయి. చేసిందంతా పోయింది, ఏడుపొస్తోంది.
— ఒక అభ్యర్థిని, వరంగల్

ఏడవకు తల్లీ, పోలేదు. పడి లేచిన ఒళ్ళు మొదటిసారి కన్నా త్వరగా పుంజుకుంటుంది. డెంగీ తర్వాత నీరసం వారాల తరబడి ఉండటం మామూలే. కొందరిలో ఆ జ్వరం గుండె కండరాన్నీ తాకుతుంది. కాబట్టి డాక్టరు ‘పరుగెత్తవచ్చు’ అన్నాకే మొదలుపెట్టు. మొదటి వారం నడకే. రెండో వారం నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. పొద్దున లేవగానే నాడి చూసుకో. మామూలుకన్నా బాగా ఎక్కువ కొట్టుకుంటుంటే ఆ రోజు విడుపు. టైము చూసుకోవాలన్న ఆరాటం కొన్ని వారాలు పక్కన పెట్టు.

టైము దగ్గరకు వచ్చాక ఈ లెక్క గుర్తుంచుకో. 800 మీటర్లకు 320 సెకన్లు, అంటే వంద మీటర్లకు 40 సెకన్లు. అది ఉరుకు కాదు, నెమ్మది పరుగే. చాలామంది అమ్మాయిలు భయంతో మొదటి 400 మీటర్లు రెండు నిమిషాల్లో కొట్టేసి, రెండో రౌండులో నడకలో పడతారు. నువ్వు మొదటి రౌండు 2 నిమిషాల 35 సెకన్లకు ముందు పూర్తి చేయకుండా అలవాటు చేసుకో. ప్రతి వంద మీటర్ల దగ్గర ఒక రాయి పెట్టి, దాన్ని దాటేటప్పుడు వాచీ చూసుకో. చివరి రెండు వందల మీటర్లకు నీ దగ్గర బలం మిగిలి ఉంటుంది. మీ జిల్లా కల్లెడ ఊరి అమ్మాయి దీప్తి జీవాంజి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. నువ్వు పరుగెత్తేది ఆ అమ్మాయి ఎదిగిన నేల మీదే.

నా వయసు 64. నెల్లూరు నుంచి ఇంగ్లండులో అమ్మాయి దగ్గరకు ఆరు నెలలకు వచ్చాను. ఇక్కడ పార్కులో శనివారం పొద్దున అందరూ కలిసి ఐదు కిలోమీటర్లు పరుగెత్తుతారు. అమ్మాయి రమ్మంటోంది. ఊరుకాని ఊళ్ళో అందరికన్నా ఆఖరున వస్తే బాగుండదని వెనకాడుతున్నాను.
— ఒక విశ్రాంత ఉద్యోగి

అన్నయ్య గారూ, నిశ్చింతగా వెళ్ళండి. అది 2004లో లండన్‌లోని బుషీ పార్కులో మొదలైన పార్క్‌రన్. రుసుము లేదు, నడిచేవాళ్ళకూ చోటుంది. అందరి వెనకాల ‘టెయిల్ వాకర్’ అని ఒక వాలంటీరు ఉంటారు. ఆఖరున రావడం వాళ్ళ బాధ్యత, మీకు ఆ స్థానం ఎలాగూ దక్కదు. ఆ దేశంలోనే ఫౌజా సింగ్ అనే పంజాబీ పెద్దాయన, కొడుకును పోగొట్టుకున్న దుఃఖంలోంచి పరుగులోకి వచ్చి, 2000లో 89 ఏళ్ళ వయసులో లండన్ మారథాన్ పూర్తిచేశారు. ఆనాటి ఆయన వయసుకన్నా మీరు పాతికేళ్ళు చిన్నవారు.

బీపీ, షుగరు మందులు వాడుతుంటే బయలుదేరే ముందే మీ డాక్టరుతో ఫోనులో మాట్లాడండి. ఇన్సులిన్ అయితే తప్పనిసరిగా, జేబులో చక్కెర బిళ్ళలు కూడా ఉండాలి. మొదటి శనివారం మొత్తం నడవండి. చలికి మన కండరాలు త్వరగా పట్టేస్తాయి కాబట్టి ఇంటి నుంచి పార్కుదాకా నడిచే వెళ్ళండి, స్వెటరు మొదటి కిలోమీటరు దాకా తీయకండి. ముందుగా పేరు నమోదు చేయించుకుంటే ఒక బార్‌కోడ్ ఇస్తారు. అది అమ్మాయి చేత కాగితం మీద అచ్చు తీయించి జేబులో పెట్టుకోండి. అది లేకపోతే పరుగెత్తనిస్తారు కానీ మీ పేరు మీద టైము రాయరు.